వాకిలి మూసిన రోజు

సముద్రం మీద నుంచి చూస్తే అక్కడ అఖాతం ఉన్నట్టే తెలియదు. నల్లరాతి కొండ ఒకటే గోడలా కనిపిస్తుంది. పడవ ఇక రాతికి కొట్టుకుని ముక్కలవుతుందేమోనని పై ప్రాణాలు పైనే పోయేంత దగ్గరికి వస్తే, అప్పుడు ఆ గోడ రెండుగా విడిపోయి మధ్యలో సందు కనబడుతుంది. ఊళ్ళోవాళ్ళు ఆ సందుని వాకిలి అంటారు. లోపలికి వస్తే నీళ్ళు చెప్పినమాట వినే పిల్లల్లా కదలకుండా ఉంటాయి. మూడు వైపులా కొండ. కొండ పాదాన కాస్త ఇసుక. ఆ ఇసుకలో ఒకరి గోడకి ఒకరు చేరగిలబడినట్టు ఇళ్ళు.

మొట్టమొదట అక్కడికి వచ్చినవాళ్ళు మంచివాళ్ళేం కాదు. ఎక్కడో ఏదో చేసి, తరుముకొచ్చేవాళ్ళ కంటపడకుండా పారిపోతూ ఈ సందులో దూరారు. తరుముకొచ్చినవాళ్ళు బయట నుంచి గోడ చూసి తిరిగిపోయారు. దాక్కున్నవాళ్ళు దాక్కునే ఉండిపోయారు. వాళ్ళ మనవలు మాత్రం మా తాతలు సముద్రాన్ని లొంగదీసుకున్నారని గొప్పలు చెప్పుకుంటారు.

తర్వాత ఎవరో దొరలు వచ్చి రాతితో పెద్ద గిడ్డంగి కట్టారు. ఇసుక మేట వేసి ఓడలు లోపలికి రాకుండా పోయేసరికి గిడ్డంగిని వదిలేసి వెళ్ళారు. వాళ్ళ పడవలు వాకిలి దాటకముందే ఊరు దాని పైకప్పు పెంకులు పంచేసుకుంది. ఇంకా చాలాకాలానికి రోడ్డు వేస్తామని కొలతలవాళ్ళు వచ్చారు. కొండని కిందనుంచి పైదాకా చూసి, మంచినీళ్ళు తాగి, "కొండనైనా తీసెయ్యాలి, మిమ్మల్నైనా తీసెయ్యాలి. రెండోదే తేలిక" అని నవ్వుకుంటూ పోయారు. మళ్ళీ రాలేదు. కొండ మీదికి చెక్కిన మెట్లున్నాయి గానీ అవి ఒంటరిగా పాకేవాడికే. మనిషిని మోసుకుని ఎవడూ ఎక్కలేడు. ఎక్కినా అవతల అంతా ముళ్ళపొదలే. అంచేత బతికున్నవాళ్ళు బయటికి వెళ్ళాలన్నా, చావబోయేవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళాలన్నా వాకిలే దిక్కు.

ఆ ఊరిని బతికించేది కూడా వాకిలే. అఖాతం అడుగున ఎక్కడో మంచినీటి ఊట ఉంది. ఏటా ఒక్క కాలంలో ఆ ఊట రుచికి చేపలు మందలుగా లోపలికి వస్తాయి. వచ్చాక సందుకి అడ్డంగా, ఈ కొండ నుంచి ఆ కొండకి వల బిగించేస్తారు. దాన్ని వాకిలి మూయడం అంటారు. పోటు తగ్గి నీళ్ళు తీసి, చేప లోపలి మెరకలో సర్దుకునేదాకా ఆగి, అప్పుడు లాగుతారు. ఆ ఒక్క లాగుడే ఏడాది కూడు.

పడవలో కూర్చున్నవాడికి చేప కనబడదు. ఎండకి నీళ్ళు మెరుస్తాయి, అంతే. కొండ కొమ్మున నిలబడితే మాత్రం మంద మొత్తం నీళ్ళలో ముదురు రంగు మచ్చలా కనిపిస్తుంది. అదైనా అందరికీ కాదు. ఏళ్ళ తరబడి చూసిచూసి పండిన కంటికే. ఆ కన్నున్నవాణ్ణి చూపరి అంటారు. చూపరి కొమ్మున పాతిన గుంజకి ఎర్రగుడ్డ ఎగరేస్తే లోపల చేప ఉన్నట్టు. దించితే లేనట్టు. గుడ్డ పైన ఉన్నంతసేపూ వల దించకూడదు. పడవ బయటికి పోకూడదు. ఇనుము మీద ఇనుము మోగకూడదు. గట్టిగా అరవకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. చూపరికి కింద నుంచి కబురు పంపకూడదు. పెళ్ళి గానీ చావు గానీ, గుడ్డ దిగాకే చెప్పాలి. అతని కన్ను నీళ్ళ మీద నుంచి కదిలితే ఊరు కదిలిపోతుంది.

ఈ కట్టుబాట్లు ఊరికే పుట్టలేదు. ముత్తాతల కాలంలో ఒక పెద్దమనిషి తన ఇంటికొచ్చిన చుట్టాల పడవ బయటికి పోవాలని వలని ఒక్క పడవ పట్టేంత దించాడట. చుట్టాల వెనకాలే మంద మొత్తం, ఆట వదిలిన జనంలా, ఆ సందులోంచి పోయింది. ఆ ఏడు ఊరు చెట్టు వేళ్ళు ఉడకబెట్టుకు తింది. చంటిపిల్లల్ని పూడ్చడానికి ఇసుక తవ్వితవ్వి చేతులు పడిపోయాయి. ఆ పెద్దమనిషి ఇంటివాళ్ళ పేరు ఊళ్ళో మళ్ళీ ఎవరూ పెట్టుకోలేదు.

ఇప్పటి చూపరి భార్య పోయినవాడు. ముసలివాడేం కాదు. అలా కనిపిస్తాడంతే. కొండ కొమ్మున రాళ్ళు పేర్చిన గుడిసెలో ఒక్కడే ఉంటాడు. మాట్లాడడు. మాట్లాడితే అవతలివాడు ఎందుకు పలకరించానా అని లెంపలేసుకుంటాడు.

అతని భార్య వలపెద్దకి స్వయానా చెల్లెలు. వల ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు లాగాలో చెప్పేవాడు వలపెద్ద. ఏళ్ళ కిందట ఆమెకి నొప్పులు మొదలైన రోజున గుడ్డ పైనుంది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. ఆమెను పడవలో పడుకోబెట్టి వల దాకా తెచ్చారు. ఆమె చెయ్యెత్తి అడిగినా వలపెద్ద వల దించనివ్వలేదు.

"పోనీ పైకి ఒక మాట చెబుదామా? పెళ్ళాం కదా" అన్నారెవరో.

"చెబితే గుడ్డ దించేస్తాడు. చెప్పొద్దు" అన్నాడు వలపెద్ద.

చూపరి పైనుంచి ఆ పడవని చూశాడు. వల పక్కన పుల్లముక్కలా ఉంది. "ఎవడ్రా ఆ వెధవ, వల దగ్గర పడవ పెట్టుకుని కూర్చున్నాడు" అని తిట్టుకున్నాడు కూడా. సాయంత్రం బ్రహ్మాండంగా చేప పడింది. ఎగిరి గంతేస్తూ మెట్లు దిగి వచ్చాడు. ఎదురొచ్చిన వాళ్ళందరూ ముఖం తిప్పుకున్నారు.

వలపెద్ద గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "కబురు పంపకూడదు కదా బావా" అన్నాడు.

"అవును. పంపకూడదు" అన్నాడు చూపరి.

అంతే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. చూపరి పని మానలేదు. మనిషంటే అలా ఉండాలి అంది ఊరు. ఊరిదేం పోయింది. అతన్ని లోపల తొలిచేది భార్య చావు ఒక్కటే కాదు. చెప్పి ఉంటే దించేవాడా? పెళ్ళాం కోసం ఊరి నోటిముందు కూడు తీసేసేవాడా? ఆ సంగతి అతనికి తెలియదు. తెలుసుకునే అవకాశం వలపెద్ద ఇవ్వలేదు. దించేవాణ్ణే అని ఒకరోజు అనుకుంటాడు. దించేవాణ్ణి కాదేమో అని ఇంకోరోజు అనుకుంటాడు. కాదేమో అనుకున్న రోజుల్లో వలపెద్ద మీద ఇంకా కక్ష పెరుగుతుంది.

ఈ ఏడు చేప ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజున పొద్దున్నే గుడ్డ ఎగిరింది. వాకిలి మూశారు. వల అడుగు నేలని కరుచుకుని ఉండాలంటే కొండ మొదట్లో ఉన్న మరతో తాడుని ఎప్పటికప్పుడు బిగిస్తూ ఉండాలి. పోటు నీరు వలని తోస్తుంది, తాడు సడలుతుంది, మళ్ళీ బిగించాలి. ఆ పని వలపెద్ద ఎవరికీ ఇవ్వడు. ఆ వేళా తనే తిప్పుతున్నాడు.

మర దగ్గర ఏదో గందరగోళం జరగడం చూపరికి పైనుంచి కనిపించింది. మనుషులు చీమల్లా పోగయ్యారు. ఎవర్నో పడవలోకి ఎక్కించారు. పడవ చప్పుడు లేకుండా వల దాకా వచ్చి ఆగింది. అతను చూపు మళ్ళీ మచ్చ మీదికి తిప్పుకున్నాడు. మచ్చ ఉంది. ఊట దగ్గర, కాచిన బెల్లప్పాకం రంగులో, నెమ్మదిగా మసలుతోంది.

కాసేపటికి మెట్ల మీద రొప్పు వినబడింది.

"ఎవరది?" అన్నాడు తల తిప్పకుండా.

"నేను మావయ్యా."

వలపెద్ద కూతురు. ఊళ్ళో అతనితో ఎదురు మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే. మోకాళ్ళు గీరుకుపోయి రక్తం కారుతోంది.

"గుడ్డ పైనుంది. కిందికి పో."

"నాన్నకి దెబ్బ తగిలింది. మర పిడి చెయ్యి జారి, గిర్రున తిరిగి పొట్టలో కొట్టింది. పైకి గాయం లేదు. పొట్ట మాత్రం బండలా బిగిసిపోయింది. పెదాలు సున్నంలా అయిపోయాయి మావయ్యా. లోపల రక్తం పోతోందంటున్నారు. ఇప్పుడు బయల్దేరితే ఆస్పత్రికి అందుతాడు."

"వల దించమన్నాడా మీ నాన్న?"

"అంటే నేనెందుకు ఈ కొండెక్కుతాను? దించితే చంపేస్తానంటున్నాడు. లేచి కూర్చోలేడు, చంపుతాడట!"

"నువ్వొచ్చినట్టు తెలుసా?"

"తెలిస్తే రానిస్తాడా? మెట్ల దగ్గర వాగుడుకాయ బాబాయి నన్ను చూశాడు. చూసి తల అటు తిప్పుకున్నాడు. పుట్టాక మొదటిసారి నోరు మూసుకున్నాడు."

చూపరి నీళ్ళ వంక చూస్తూనే ఉన్నాడు.

"చేప ఉందా?" అంది.

"ఉంది."

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాడు. పిల్ల కళ్ళు చికిలించి చూసింది. "నాకు ఎండే కనిపిస్తోంది."

"నీకు అంతే కనిపిస్తుంది."

"దించెయ్ మావయ్యా. ఈ ఏడు పస్తులుంటాం. నేనే ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్ళూ పట్టుకుంటాను. నేనే దింపించానని చెబుతాను."

"గుడ్డ ఉన్నది నా చేతిలో."

"అత్త సంగతి మనసులో పెట్టుకున్నావా?"

"మీ అత్త సంగతి నాకెవరూ చెప్పలేదు కదా" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, పిల్లకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఇప్పుడు నేను చెబుతున్నాను కదా! నాన్న చెప్పలేదు, తప్పే. నాకప్పుడు నడకైనా సరిగ్గా రాదు. వచ్చి ఉంటే అప్పుడూ ఎక్కేదాన్ని. ఏదీ, నా మొహం చూసి చెప్పు, దించనని."

"నా చూపు నీళ్ళ మీదుండాలి."

 కట్టుబాటు అది. వాళ్ళ నాన్న ఉగ్గుపాలతో పోసిన కట్టుబాటు. గుంజకి ఆనుకుని కూలబడింది. గుడ్డ తాడు ఆమె చేతికందే ఎత్తులోనే ఉంది. లాగితే గుడ్డ దిగుతుంది. తాడు వంక చూసింది, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చూపరి తప్ప ఆ తాడుని ఎవరూ ముట్టుకోరు. అలాంటి ఆలోచనే ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి రాదు. వచ్చినా చెయ్యి లేవదు.

అప్పుడు మచ్చ కదిలింది.

మొదట కాస్త సాగింది. తర్వాత ఒక కొస సన్నబడి, కదురు నుంచి నూలు వచ్చినట్టు, మర ఉన్న కొండ పాదం వైపు పాకింది. మర దగ్గర ఎవరూ లేరు. అందరూ పడవ దగ్గరున్నారు. తాడు సడలింది. వల అడుగు నేల వదిలేసింది. ఆ కొస వల కిందికి దూరింది, అవతల తేలింది. దాని వెనక మిగతాది. చూపరి ఊపిరి బిగబట్టి చూశాడు. తొందరేమీ లేకుండా, ఒక్క చేపైనా పైకి ఎగరకుండా, ఊరి ఏడాది కూడు వల కిందనుంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది. లోపల నీళ్ళు ఉత్త నీళ్ళయిపోయాయి.

గుడ్డ దించాలి. ఇప్పుడు కట్టుబాటు కూడా అదే. దించితే వల దిగుతుంది, పడవ పోతుంది, మనిషి బతికినా బతుకుతాడు. ఎవరి కూడూ పోదు, పోయేది పోనే పోయింది.

"ఇంకా ఉందా మావయ్యా?"

"ఉంది."

అబద్ధం ఇంత తేలిగ్గా నోటికొస్తుందని అతనికి అంతవరకూ తెలియదు.

కింద పడవలో పడుకున్న మనిషి పైనుంచి వేలెడంత ఉన్నాడు. ఒక్కసారి చెయ్యెత్తి దించండ్రా అని సైగ చేస్తే చాలు, దించేద్దాం అనుకున్నాడు చూపరి. అడుక్కోవాలి. చెల్లెల్ని ఉంచిన చోటే ఉన్నాడు, చెల్లెలు అడిగినట్టే అడగాలి. నిజంగా చెయ్యెత్తితే దించేవాడో లేదో చెప్పలేం. మనిషి తనతో తాను ఇలాంటి బేరాలు చాలా ఆడతాడు. కానీ ఆ చెయ్యి లేవలేదు. ఒకసారి పక్కనున్నవాడెవడో వల తాడు మీద చెయ్యి వేస్తే, పడుకున్న మనిషి వాడి చెయ్యి పట్టుకుని లాగేశాడు. అదొక్కటే కదలిక. వలపెద్ద చెల్లెలికి ఏ న్యాయం చేశాడో తనకీ అదే చేసుకుంటున్నాడు. పిసరు తేడా లేదు. అది చూసి చూపరికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని నీచుడనుకుని బతికాడు. ఇప్పుడు ఆ మనిషి అదీ లేకుండా చేస్తున్నాడు.

గుడ్డ గాలికి టపటపలాడుతూనే ఉంది.

ఎండ కొండ మీద నుంచి జారుతుండగా పడవలో కూర్చున్నవాళ్ళందరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. పిల్ల చూసింది. చూసి నోరు తెరిచింది. తెరిచిన నోట్లో తన అరచెయ్యే కుక్కుకుని పళ్ళు దిగేలా కొరికింది. గట్టిగా ఏడిస్తే చేప బెదురుతుందని.

చూపరి నీళ్ళ వంక చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం వల లాగారు. నాచు వచ్చింది. కాసిని పీతలు వచ్చాయి. లాగినవాళ్ళు వల ఖాళీ అని ఒప్పుకోలేక, అడుగుదాకా చేత్తో తడిమి చూశారు. ఇసుక మీద ఒక పక్క వలపెద్ద శవం, ఒక పక్క తడి వల. మధ్యలో ఊరు. చూపరి మెట్లు దిగి వచ్చాడు.

"ఏరా, ఎప్పుడు పోయింది చేప?" అన్నాడు వాగుడుకాయ. వాడి గొంతులో ఆ వేళ వేళాకోళం లేదు. "ప్రాణం పోతున్నా వల దించనివ్వలేదురా వీడు. నీ గుడ్డ చూపించి, ఉందిరా, ఇంకా ఉందిరా అంటూ పోయాడు. ఎప్పుడు పోయింది?"

మర దగ్గర తాడు సడలిందని చెప్పొచ్చు. నేను చూశాను, దించలేదు అని చెప్పొచ్చు. చూపరి ఊరి మొహాల వంక చూశాడు. ఆ మొహాల్లో అనుమానం లేదు. చూపరి అబద్ధం చెబుతాడన్న ఆలోచన ఆ ఊళ్ళో ఎవరికీ ఎన్నడూ రాలేదు.

"కబురొచ్చింది. నా చూపు పక్కకి పోయింది. తిరిగి చూసేసరికి మచ్చ ఎండ మెరుపులో కలిసిపోయింది. ఇంకా ఉందనే అనుకున్నాను" అన్నాడు.

"కబురా? ఎవరు తెచ్చారు?"

అతను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ పిల్ల మోకాళ్ళ మీద రక్తం ఇంకా ఆరలేదు. వాగుడుకాయ కాళ్ళ కింద ఇసుక వంక చూశాడు. నేనూ చూశాను, ఆపలేదు అని ఒక్క ముక్క అనలేదు. నోరు మూసుకోవడం ఆ ఒక్కరోజులో బాగా అలవాటైంది వాడికి.

"తండ్రిని మింగింది, ఊరి కూడూ మింగింది" అందో ముసలమ్మ. ఆ మాట ఇసుక మీద నుంచి లేచి ఇల్లిల్లూ తిరిగింది. ఊళ్ళో మళ్ళీ వేళ్ళు ఉడికే వాసన మొదలయ్యాక ఇంకా పదునెక్కింది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని వల అల్లుతుంటే ఆ పిల్ల వస్తే వరస పక్కకి జరిగేది. నీళ్ళ దగ్గర ఆమె బిందె నిండేదాకా ఎవరూ దగ్గరికి రారు. చిన్నపిల్ల ఒకత్తె ఆకలికి చచ్చిపోతే, ఆ తల్లి తిన్నగా వలపెద్ద గుమ్మం ముందుకొచ్చి శవాన్ని చూపించి పోయింది.

చలి మొదలవుతుండగా ఆ పిల్ల మళ్ళీ కొండెక్కింది. గుంజకి గుడ్డ లేదు. చూపరి గుమ్మంలో కూర్చుని ఉత్త సముద్రాన్ని చూస్తున్నాడు.

"ఒక్కటడుగుతాను మావయ్యా. నిజం చెప్పు."

"అడుగు."

"నేను రాకపోయి ఉంటే చేప ఉండేదా?"

"ఉండేది."

"నాన్న?"

"మీ నాన్న ఎలాగూ పోయేవాడే. లోపల చితికిపోయాక ఏ ఆస్పత్రీ బతికించదు."

"అయితే ఊరికే ఎక్కానన్నమాట" అంది. ఏడవలేదు. ఏడుపంతా అయిపోయినట్టుంది. చెవి వెనక్కి జుట్టు తోసుకుని గుడిసెలోకి తొంగి చూసింది. కడగని గిన్నెలు, మూల బూడిద.

"ఊళ్ళో నువ్వొక్కడివే నన్ను ఒక్క మాటా అనలేదు" అంది. "తిట్టాల్సింది అందరికంటే ముందు నువ్వు. నీ కన్నుకి మచ్చ తెచ్చాను."

 ఆ పిల్ల లోపలికి వెళ్ళి బూడిద ఎత్తింది. గిన్నెలు తోమింది. మర్నాడు పొయ్యి కూడా వెలిగించింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. మెట్లు అలవాటైపోయి మోకాళ్ళు గీరుకోవడం మానేశాయి. తన ఇంట్లో ఉన్న కాస్త గింజలూ తెచ్చి ఇక్కడే వండేది. ముందు అతనికి పెట్టి, మిగిలితే తను తినేది.

మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకుని చూపరి కాసేపు నమిలాడు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

మర్నాటి నుంచి సరిగ్గా వేసింది.